ఒడిబియ్యం వండే ఇల్లు

మస్కట్‌లో ఉన్నన్నాళ్లూ నాకొక అలవాటు ఉండేది. మధ్యాహ్నం కుట్టుమిషన్ ఆపి గోడకు ఒరిగినప్పుడు, కళ్లు మూసుకుని జహీరాబాద్‌లో మా ఇంటికి పోయేదాన్ని. బస్టాండులో దిగి, హైవే మీద లారీలు కొంచెం సందివ్వగానే రోడ్డు దాటి, గిర్ని ముందు జొన్నపిండి వెచ్చటి వాసన పీల్చుకుంటూ మా గల్లీలోకి మళ్లేదాన్ని. ఇంటి ముందు రేకుల తలుపు. లోపల అమ్మ రొట్టె చరుస్తున్న చప్పుడు. తలుపు మీద చెయ్యి వేసే లోపే దుకాణం మాస్టరు ఎవరిదో కొలత అడుగుతూ పిలిచేవాడు. అన్నేండ్లలో నేను లోపలికి పోయింది చాలా తక్కువ. వాకిట్లోంచే తిరిగొచ్చేదాన్ని. ఆ తర్వాత గంటసేపు ఎవరు పలకరించినా కసురుకునేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆకలేసినా కోపమే, ఏడుపొచ్చినా కోపమే.

మా ఆయన అక్కడ ఏసీలు బిగించే కంపెనీలో పనిచేసేవాడు. నేను ఒక దర్జీ దుకాణంలో ఆడవాళ్ల బట్టలు కుట్టేదాన్ని. మాకు పిల్లలు పుట్టలేదు. మొదట్లో ఎవరైనా అడిగితే మాట మార్చేదాన్ని, ఇప్పుడు ఊరి పేరు చెప్పినట్టు చెప్పేస్తాను. రెండు మూడేండ్లు ఉండి వద్దామని పోయినవాళ్లం తల నెరిసేదాకా ఉండిపోయాం. సెలవులకు వచ్చినా చుట్టపుచూపే. రెండు పెళ్లిళ్లు, నాలుగు పరామర్శలు, మళ్లీ ఎయిర్‌పోర్టు. అమ్మ పోయినప్పుడు కూడా నేను వచ్చేసరికి ఇంట్లో దీపం తప్ప అమ్మ లేదు. చివరికి బరువులు ఎత్తీ ఎత్తీ మా ఆయన నడుము పట్టేసింది. పోదాం పద అని నేనన్నాను, ఆయన తల ఊపాడు. మా కాపురంలో మాటల పని నాది, తల ఊపే పని ఆయనది.

పోయిన చలికాలం వచ్చేశాం. సదాశివపేట దాటి కొంత దూరం వచ్చాక చెరుకు లోడు ట్రాక్టర్లు వరుసగా ఎదురయ్యాయి, నేల ఎర్రబడింది. అద్దం దించమని డ్రైవరుకు చెప్పాను. దుమ్ము వస్తుందని మా ఆయన గొణిగాడు. "దుమ్మే కావాలె నాకు" అన్నాను. నిజంగానే కావాలి. నోట్లోకి వచ్చినా ఊసెయ్యలేదు.

మా తమ్ముడు ఇక్కడి ట్రాక్టర్ల కంపెనీలో పనిచేస్తాడు. అమ్మ పోయాక పాత ఇల్లు తీసేసి, అదే జాగాలో స్లాబు ఇల్లు వేశాడు. వాళ్ల కొడుకు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు కాబట్టి ఒక గది ఖాళీగానే ఉంది. మేం ఆ గదిలో దిగాం. ఇక మా ఆయన వైపు చూస్తే, కోహీర్ దగ్గరి పల్లె. అత్తమామలు పోయాక ఆ ఇంటి గోడలు వానలకు కూలిపోయాయి, ఇప్పుడు ఆ జాగాలో మా బావగారు బర్రెలు కట్టేసుకుంటున్నాడు. అంటే నాకు అత్తిల్లు అనేది లేదు. పిల్లలూ లేరు కాబట్టి రేపు కొడుకింట్లోనో కూతురింట్లోనో ఉంటానని చెప్పుకునే పనీ లేదు. నాకున్నది ఒక్కటే ఇల్లు, నేను పుట్టిన ఇల్లు. ఆ ఇంట్లో నా జాగా నాకు కావాలి. అన్నేండ్లు నేను అడిగిందల్లా అదే.

వచ్చిన వారానికే మా ఆయన నోరు తెరిచి, కిరాయికి ఒక ఇల్లు చూస్తానన్నాడు. మీద పడ్డాను. "నా ఇల్లు ఉండంగ కిరాయి ఇల్లా? గల్లీ గల్లీ నవ్వుతది" అన్నాను. ఆయన తల ఊపలేదు, అడ్డంగా కూడా ఆడించలేదు. ఆయన అట్లా ఊరుకుంటే నాకు అనుమానమే. అయినా నా ధోరణిలో నేను పోయాను.

అసలు చిక్కు మా మరదలితో వచ్చింది. మా తమ్ముడి భార్య, మంచిది. అంత మంచిదయినందుకే నాకు ఒళ్లు మండేది. పొద్దున లేచేసరికి నాకు కప్పూ సాసర్లో చాయ్. వాళ్లిద్దరూ స్టీలు గ్లాసుల్లో తాగేవాళ్లు. నాకు మాత్రం కొనుక్కొచ్చిన డబ్బా నీళ్లు, "నల్లా నీళ్లు మీకు పడయి వదినె" అంటూ. చీపురు పట్టుకుంటే చేతిలోంచి లాక్కునేది. పచ్చిపులుసు చెయ్యమంటే కోడికూర చేసేది. మా దిక్కు వదినెను మీరు అని ఎవరూ అనరు. తిట్టినా నువ్వే, ముద్దు చేసినా నువ్వే. ఈమె మాత్రం బ్యాంకులో మాట్లాడినట్టు మీరు, మీరు అనేది. మస్కట్‌లో కూడా నన్ను ఇంత మర్యాదగా ఎవరూ చూడలేదు. అక్కడ ఊరికాని ఊరు కాబట్టి ఊరుకున్నాను. ఇక్కడ ఎందుకు ఊరుకోవాలి?

వంటింట్లో నాకూ ఆమెకూ మధ్య ఉప్పు డబ్బా దగ్గర ఒక యుద్ధం నడిచింది. అమ్మ ఉప్పు డబ్బా ఎప్పుడూ పొయ్యికి ఎడమ పక్క పెట్టేది. మరదలు కుడి పక్క పెడుతుంది. నేను పొద్దున ఎడమకు జరిపేదాన్ని, సాయంత్రానికి అది కుడికి పోయి ఉండేది. నవ్వుతూనే మాట్లాడుకున్నాం. డబ్బా మాత్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ఇంత వయసొచ్చి ఉప్పు డబ్బాతో పోట్లాడుతున్నానని నాకు తెలుసు. అయినా అమ్మది ఆ ఇంట్లో ఇంకేం మిగల్లేదు. గోడలు కొత్తవి, పొయ్యి కొత్తది, తలుపులు టేకువి. ఉప్పు డబ్బా ఎడమ పక్క ఉంటే చాలు, నేను కళ్లు మూసుకోకుండానే ఇంటికి చేరినట్టు అనిపించేది.

ఒకరోజు పప్పు ఏరుకుంటూ మరదలే మాట తీసింది. "వదినె, మీకు ఒడిబియ్యం పోసి శాన ఏండ్లయింది గద. అత్తమ్మ పోసిందే ఆఖరు. గీ మాఘమాసంల పోస్తం. మీ తమ్ముడు గూడ అంటున్నడు."

తెలియనివాళ్లకు చెప్పాలి. మా తెలంగాణలో పెళ్లయిన ఆడపిల్లకు తల్లిగారింటివాళ్లు కొన్నేండ్లకోసారి ఒడిబియ్యం పోస్తారు. దంపతులకు కొత్తబట్టలు పెట్టి, పీటల మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు ఆమె ఒడిలో ముత్తైదువలందరూ దోసిళ్లతో పోస్తారు. పిల్ల అందులోంచి నాలుగు గింజలు తల్లిగారింట్లో వదిలి, మిగిలింది మూటగట్టుకుని తన ఇంటికి తీసుకుపోతుంది. అక్కడ వండి పదిమందికి పెడుతుంది. మా ఇల్లు ఇంకా నీ వెనక ఉంది బిడ్డా అని తల్లిగారింటివాళ్లు చెప్పే పద్ధతి అది. అమ్మ నాకు పోసింది మేం మస్కట్ పోయేముందు. ఆ తర్వాత సెలవులు కలిసి రాలేదు, మంచిరోజులు కలిసి రాలేదు, ఆ తర్వాత అమ్మే లేకుండా పోయింది.

మరదలు ఆ మాట అనగానే నాకు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చింది కాబట్టి కసురుకున్నాను. "ఇప్పుడు నాకెందుకే గవన్నీ?" అన్నాను. లోపల మాత్రం పండగే. ఇక అయిపోయింది, ఈ ఇల్లు నన్ను తన బిడ్డ అని ఒప్పుకుంది, కప్పూ సాసర్ల రోజులు పోతాయి అనుకున్నాను. బజారుకు నేనూ వెంటపడి పోయాను. నాకు పెట్టే చీర నేనే ఏరుకున్నాను. పద్ధతి కాదని తెలుసు. మరదలు ఎంచితే ఏ గోధుమరంగుదో ఎంచుతుందని భయం.

ఆ రోజు పొద్దున ఇల్లంతా ముగ్గులు. గల్లీలో ఆడవాళ్లందరూ వచ్చారు. అమ్మ వయసున్న పక్కింటి పెద్దమ్మ కూడా కర్ర పట్టుకుని వచ్చింది. మా ఆయన కొత్త అంగీలో మెడ సరిగ్గా తిప్పలేక తిప్పుతూ నా పక్కన పీట మీద కూర్చున్నాడు. మరదలు మొదటి దోసిలి పోసింది. పసుపు బియ్యం ఒడిలో పడుతుంటే బరువు తెలుస్తుంది, కొంచెం చల్లగా ఉంటుంది. ఆ చల్లదనం నేను మరిచిపోయాను. పోయినసారి ఆ జాగాలో అమ్మ చేతులున్నాయి. పసుపు అంటిన, గాజులు మోచేతి దాకా జరిగిన చేతులు. తల ఎత్తితే ఆ చేతులు కనబడవని తెలిసి నేను తల ఎత్తలేదు. ఒక్కొక్కరే వచ్చి పోస్తున్నారు, నేను ఒడి చూసుకుంటూ ఏడుస్తున్నాను. ఒడిబియ్యం దగ్గర ఏడవని ఆడపిల్ల మా దిక్కు ఉండదు.

అంతా అయ్యాక మరదలు ఒడి కట్టి లేపింది. దేవుడి ముందు మొక్కాం. అప్పుడు ఆ పెద్దమ్మ ప్రేమగానే అడిగింది.

"గిప్పుడు ఒడి ఏడికి తీస్కపోతవు బిడ్డా? కోహీర్ దిక్కేనా?"

తమ్ముడు మా ఆయన వంక చూశాడు. మా ఆయన నేల వంక చూశాడు. అప్పుడు వెలిగింది నాకు. ఒడిబియ్యం అంటే పోసి పంపేది. పోసినవాళ్ల ఇంట్లో అది ఉండదు. అన్నేండ్లు దూరం ఉండి వచ్చి, ఇక కదలను అని కూర్చున్న మనిషికి ఇది పోశారంటే అర్థమేమిటి? ఇన్ని రోజుల కోడికూరలూ డబ్బా నీళ్లూ మీరు మీరూ అన్నీ ఒకేసారి నా కళ్ల ముందు తిరిగాయి.

"ఏడికి పోత పెద్దమ్మా? గిదే నా ఇల్లు" అన్నాను.

అని ఊరుకున్నా సరిపోయేది. నేను ఊరుకునే మనిషిని కాదు. నేరుగా వంటింట్లోకి పోయి, బియ్యం డ్రమ్ము మూత తీసి, ఒడి విప్పి మొత్తం అందులో గుమ్మరించాను. కుడుకలు డబడబ పడ్డాయి. పచ్చటి బియ్యం తెల్లటి బియ్యం మీద కుప్పగా నిలబడితే, చెయ్యి మోచేతి దాకా పెట్టి కలిపాను కూడా.

"అయ్యో వదినె! ఏం పని జేస్తివి!" అని మరదలు అరిచింది. నన్ను నువ్వు అన్నది అదే మొదటిసారి. ఇంకెప్పుడైనా అయితే సంతోషపడేదాన్ని.

వెనక ఆడవాళ్లు గుసగుసలు మొదలుపెట్టారు. పెద్దమ్మ గుమ్మంలోనే కూలబడింది. "పోసిన ఒడి మల్ల తల్లిగారింట్ల కలుపుతరా బిడ్డా? ముత్తైదువకు మంచిది గాదు" అన్నది. ఆ మాటతో అందరూ మా ఆయన వైపు తిరిగారు. ఆయన తనకేమైనా అయిందేమో అన్నట్టు తన కొత్త అంగీ ఒకసారి చూసుకున్నాడు.

నాకు నవ్వు రావాల్సిన చోట కోపం వచ్చింది. "నన్ను ఎల్లగొట్టెతందుకేనా గీ పసుపు, గీ చీరె? పొమ్మని సక్కగ చెప్పరాదుండె. ఇన్ని ఏషాలెందుకు?" అన్నాను. మా తమ్ముడు అన్నం గరిటె చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. "అక్కా, జర నిమ్మలం" అన్నాడు. నిమ్మళం అనే మాట వింటే నాకు ఇంకా మండుతుంది. స్లాబు మీదికి ఎక్కిపోయాను.

పైన నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని ఏడ్చాను. అక్కడి నుంచి హైవే కనబడుతుంది. బొంబాయి వైపు పోయే లారీలు, హైదరాబాద్ వైపు వచ్చే లారీలు. అన్నీ ఎక్కడికో ఒక దగ్గరికి పోతున్నాయి. చుట్టూ నేను కలవరించిన ఊరే. ఇంటి నడినెత్తి మీద కూర్చున్నాను, అయినా ఇల్లు కావాలనే ఉంది. మస్కట్‌లో ఉన్నప్పుడు ఈ బాధకు ఒక మందు ఉండేది, ఎప్పుడో పోతాం కదా అనుకునేదాన్ని. వచ్చేసినవాళ్లకు ఆ మందు కూడా లేదు. అది తెలిసి నాకు నిజంగా భయం వేసింది.

కింద తినేవాళ్లు తిని, పోయేవాళ్లు పోయిన చప్పుళ్లు విన్నాను. కాసేపటికి మా ఆయన నడుము పట్టుకుని మెట్లెక్కి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఓదారుస్తాడేమో అనుకున్నాను. "పప్పు మంచిగయింది" అన్నాడు. ఆయనతో పోట్లాడటం గోడతో పోట్లాడటమే. ఆకలి కూడా వేస్తోంది. దిగాను.

వెనక వాకిట్లో మరదలు ఒక్కతే కూర్చుని ఉంది. దుప్పటి పరిచి, డ్రమ్ములోని బియ్యం పైనుంచి సగందాకా తోడి దాని మీద పోసుకుంది. ముందు చేట పెట్టుకుని, పచ్చ గింజ ఒక్కొక్కటే తెల్లబియ్యంలోంచి ఏరి పక్కన కొత్త తువ్వాలలో వేస్తోంది. కట్టుకున్న పట్టుచీర కూడా మార్చుకోలేదు. తిన్నట్టు కూడా లేదు. అట్లా ఎంతసేపటి నుంచి కూర్చుందో, తువ్వాలలో ఒక చిన్న కుప్ప అయింది.

బియ్యంలోంచి నన్నే ఏరేస్తున్నట్టు అనిపించింది. "మంచిగనే ఏరుతున్నవ్. ఒక్క గింజ గూడ మిగలనియ్యకు" అన్నాను.

"మిగలనియ్య" అన్నది తల ఎత్తకుండానే.

ఆమె అట్లా జవాబు చెప్పడం నేనెప్పుడూ వినలేదు. నిలబడిపోయాను.

"నీకు కోపమొస్తది వదినె. రానియ్యి" అన్నది. చేతులు ఆపలేదు. "నాకు పోసెటోళ్లు లేరు. మా అమ్మ పోయినంక మా అన్నలిద్దరు భూమి కాడ కొట్లాడుకున్నరు. ఒగరింటికి పోతే ఇంకొగరికి కోపం. ఆఖరుకు ఇద్దరు పిలుసుడు బంద్ జేసిన్రు. చిరాగ్‌పల్లి ఎంత దూరం? ఆటో ఎక్కితే చాయ్ సల్లారక ముందే పోత. గా రోడ్డు మీదికెల్లి బస్సుల పోతుంటె నేను గా మొఖాన సూడను. కండ్లు మూసుకుంట."

నాకు తెలిసినంతవరకు ఆమె చిరాగ్‌పల్లి పిల్ల, అంతే. పండగలకు ఎందుకు పోదని నేనెప్పుడూ అడగలేదు. ఫోనులో ప్రతిసారీ మా ఇంట్లో వానలు పడ్డాయా, మా గల్లీలో ఎవరు పోయారు అని అడిగేదాన్ని కానీ, ఆమె ఇంటి సంగతి నాకు గుర్తే రాలేదు.

"గీడ ఉంటె ఉండు" అన్నది. "నేనెప్పుడన్న పొమ్మన్ననా? మీ తమ్ముడు గా గది ఏసిందే మా అక్కకు అనుకుంట. ఉప్పు డబ్బ నీ ఇష్టమున్నకాడ పెట్టుకో, నేను ముట్ట. గని వదినె, ఇంట్ల ఉన్న మనిషిని ఎవరు పిలుస్తరు? దసరకు పిలవం. పెండ్లికి బొట్టు పెట్టి పిలవం. ఇంట్ల ఉంటె నువ్వూ నేనూ రెండు గిన్నెలు, ఒకటే గూట్ల సప్పుడు జేసుకుంట ఉంటం. పోయినోళ్లకే గద తల్లిగారిల్లు. నీకు అది ఉండాలని పోసిన. నువ్వు తీస్కపోయి డ్రమ్ముల పోస్తివి."

అప్పుడు ఆమె ఏడ్చింది. ముక్కు పట్టుచీర కొంగుతోనే తుడుచుకుంది.

నేను ఆమె ఎదురుగా కూర్చున్నాను. నేనూ గింజలు ఏరడం మొదలుపెట్టాను. చాలాసేపు ఇద్దరం అట్లాగే ఏరాం. కొన్నింటికి పసుపు బాగా పట్టలేదు, పచ్చవో తెల్లవో తేలేవి కావు. వాటిని ఆమె ఎండకు ఎత్తి చూసి, ఎక్కువ భాగం నా తువ్వాలలోనే వేసింది. చూస్తూ చూస్తూ నాకు ఒకటి అర్థమవుతూ వచ్చింది. నాకు కావలసిన ఇంట్లో అమ్మ ఉండాలి, నేను పెళ్లి కాని పిల్లగా ఉండాలి, తమ్ముడు నిక్కరులో ఉండాలి. ఆ ఇల్లు ఈ స్లాబు కింద లేదు. మరదలు వంటిల్లు నాకిచ్చినా అది రాదు. ఎంత ఏడ్చినా రాదు. నాకు అది కావాలనే ఉంది, ఇప్పటికీ ఉంది. కానీ అది లేనందుకు ఈమె మీద కోపం తెచ్చుకోవడం మాత్రం న్యాయం కాదు.

పొద్దు వాలుతుండగా తువ్వాల మూటగట్టాం. ఇక ఎక్కడికి తీసుకుపోవాలి అని నేను మా ఆయన వంక చూశాను. ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఒక ఇల్లు చూసిన" అన్నాడు. రెండు గల్లీల అవతల, బీదర్ వైపు నుంచి వచ్చిన ఒక కన్నడం పెద్దావిడ ఇంటి వెనక భాగం. నేను వద్దన్న మరుసటి వారమే చూసి, మాట్లాడి పెట్టుకున్నాడట. అంతకాలం నోరు విప్పలేదు. ఆయన తల ఎందుకు ఊపలేదో అప్పుడు తెలిసింది.

ఒడి కట్టుకుని నేను, సూట్‌కేసు పట్టుకుని తమ్ముడు, వెనక మా ఆయన, ఆయన వెనక మంచినీళ్ల బిందెతో మరదలు. అట్లా ఊరేగింపులా పోయాం. గల్లీ మలుపులో వెనక్కి తిరిగి ఇంటిని చూశాను. పెళ్లయ్యాక అమ్మ నన్ను పంపినప్పుడు కూడా నేను ఇంత ఏడవలేదు. ఎవరో దుకాణాయన "ఏమైంది?" అని అడిగితే, "మా అక్కకు ఒడిబియ్యం పోసినం, ఇంటికి తోలుకపోతున్నం" అని తమ్ముడు గట్టిగా చెప్పాడు. ఆ మాట నాకు బాగుంది. ఏడుస్తూనే బాగుంది.

ఇల్లు చిన్నదే. ముందు గది, వెనక పొయ్యి, పక్కన ఒక జామచెట్టు. సామాను సర్దుకుని, మంచిరోజు చూసుకుని ఒడిబియ్యం వండాను. ఇంటావిడను పిలిచాను, గల్లీలోవాళ్లను పిలిచాను, పెద్దమ్మను ఆటోలో రప్పించాను. తమ్ముణ్ణీ మరదల్నీ మాత్రం స్వయంగా పోయి, బొట్టు పెట్టి పిలిచాను. తమ్ముడికి ఆ రోజు రెండో షిఫ్టు. తిని, ఇంటి తాళం భార్య చేతికి ఇవ్వబోయి, ఆమె చెయ్యి చాపకపోయేసరికి మళ్లీ తన జేబులోనే వేసుకుని కంపెనీ బస్సుకు పోయాడు. ఒక్కొక్కరే లేచిపోయారు.

మరదలు గిన్నెలు కడగడానికి కూర్చుంది. వద్దన్నాను. చేతిలోంచి లాక్కున్నాను. ఆమె లేచి, చెయ్యి కడుక్కుని, పోవడానికి చెప్పుల దాకా పోయింది. చెప్పుల్లో కాలు పెట్టలేదు. జామచెట్టు వంక చూస్తూ నిలబడింది. మెడలో పుస్తెలతాడు వేలికి చుట్టుకుంటోంది.

"వదినె" అన్నది చివరికి, చాలా చిన్నగా. "గియ్యాల ఈడనే పండుకోనా?"

నేను వెంటనే అర్థం చేసుకోలేదు. ఒంట్లో బాగా లేదా అని అడిగాను. కాదన్నది. ఆయనతో ఏమైనా అయిందా అన్నాను. కాదన్నది. ఊరికే, ఒక్కరోజు అన్నది. అప్పుడు తట్టింది నాకు. వాళ్లమ్మ పోయిన దగ్గర్నుంచి ఈమె తన ఇంట్లో తప్ప ఇంకెక్కడా పడుకుని ఉండదు. దవాఖానలో తప్ప. పోయి రెండు రోజులు ఉండి వద్దాం అనుకోవడానికి ఆమెకు ఒక గుమ్మం లేదు. చాయ్ చల్లారే లోపు పోగలిగిన దూరంలో ఉండి కూడా, మస్కట్‌లో ఉన్న నాకంటే ఆమె ఎక్కువ దూరంలో ఉండింది.

లోపల చాప వేసి, మా పెట్టెలోని కొత్త దుప్పటి తీసి పరిచాను. మా ఆయన తన దిండు తీసుకుని ఇంటావిడ అరుగు మీదికి పోయాడు.

పొద్దున నేను లేచి వాకిలి ఊడ్చాను. నీళ్లు పట్టాను. పాలు కాచాను. మరదలు లేవలేదు. ఎండ కిటికీలోంచి ఆమె కాళ్ల దాకా వచ్చింది, మోకాళ్ల దాకా వచ్చింది, అయినా లేవలేదు. కోడి కంటే ముందు లేచే మనిషి అది. నోరు కొంచెం తెరుచుకుని, చెయ్యి తల కింద పెట్టుకుని, చిన్నపిల్ల పడుకున్నట్టు పడుకుంది.

ఫోను మోగింది, తమ్ముడు. "అక్కా, ఆమె ఇంక రాలే? చాపత్తి ఏడ పెట్టిందో దొరుకుతలేదు" అన్నాడు.

"ఎతుక్కో" అన్నాను. "నీ పెండ్లాం తల్లిగారింటికి వచ్చిందిరా. రెండొద్దులు ఉంటది. ఫికర్ జెయ్యకు."

ఫోను పెట్టేసి చూస్తే మరదలు గోడ వైపు తిరిగి ఉంది. కళ్లు మూసుకునే ఉంది కానీ నిద్రపోవడం లేదు, భుజాలు కదులుతున్నాయి. ఆ ఏడుపు నాకు బాగా తెలిసిందే, అన్నేండ్లు అంత దూరాన నేను ఏడ్చిందే. పోయి ఆమె పక్కన కూర్చుని, జారిన దుప్పటి భుజం మీదికి లాగాను.